బాల్కనీ గడియ

పికిలిపిట్ట బాల్కనీలో చచ్చిపడి ఉంది. తీగలో కట్టుకున్న గూడు వేలాడుతోంది, అందులో పిల్లలు లేవు. పక్కనే పిల్లి తీరిగ్గా మూతి నాక్కుంటోంది.

కోడలు తలుపు వైపు చూసింది, గడియ తీసే ఉంది. ముచ్చటపడి పిల్లిని తెచ్చుకున్నది ఆమే. రాత్రి బాగా పొద్దుపోయేదాకా జాకెట్లు కుట్టి, తలుపు గడియ వేయకుండానే పడుకుంది కాబోలు. చూపు పోయిన మామగారికి పొద్దున్నే ఆ పిట్టల కూతలే కాలక్షేపం.

ఆయన లేచేలోపు గబగబా ఈకలన్నీ ఏరి, పిట్టతో పాటు పాత గుడ్డలో చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టేసింది.

మామగారు గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు చెవి ఒగ్గి విన్నారు.

"పిట్టల సందడి లేదేంటమ్మాయ్?"

"పిల్లలకి రెక్కలొచ్చాయి మామయ్యా. ఇందాకే తల్లితో ఎగిరిపోయాయి."

"నీ కళ్లతో చూశావా?"

"చూశాను."

ఆయన గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. గుడ్డికళ్లు చెమర్చాయి.

"బతికించావు తల్లీ! తెల్లారకముందే ఈ పిల్లి తలుపు గీకుతూ ఒకటే గోల. అలిసిపోయి పడుకున్నావు, నీ నిద్ర చెడుతుందని నేనే గడియ తీశాను. తర్వాత రెక్కల చప్పుడు వినబడింది. అప్పట్నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదనుకో."

అయితే తప్పు తనది కాదన్నమాట. ఆ మాట తోచగానే ఆమె మనసు దూదిపింజలా తేలికైపోయింది.

అలా తేలికైనందుకే, చూపులేని ఆ ముఖంలోకి ఆమె చూడలేకపోయింది.