పిట్టగోడ దగ్గర పౌడరు

"రాత్రి మీ డాబా మెట్ల మీద మళ్ళీ అడుగుల చప్పుడు వదినగారూ," అంది కింది వాటా ఆవిడ, బకెట్టు కింద పెడుతూ. "మీవాడికి నిద్ర పట్టడం లేదా ఏమిటి?"



"పిల్లి అయ్యుంటుందండీ," అంది తల్లి.

"అంత బరువుగా నడిచే పిల్లి అయితే, మీరు దానికి మరీ ఎక్కువ పెడుతున్నట్టే," అని నవ్విందావిడ.

తల్లికి నవ్వు రాలేదు. కొడుకు కళ్ళు ఎర్రబడి చాలా రోజులైంది. గదిలో మంచం వదిలేసి, హాల్లో ఆమె గది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటున్నాడు. ఎందుకురా అంటే గదిలో ఉక్క అంటాడు. పొద్దున లేచి చూస్తే ఆ చాప మీదే గోడకి ఆనుకుని కూచుని ఉంటాడు.

మొన్న ఆదివారం ఇంకో సంగతి. ఆరేసిన బట్టలు తేవడానికి పైకెళ్తే, వాడు టేపు పట్టుకుని పిట్టగోడ ఎత్తు కొలుస్తున్నాడు. ఇంటి ఓనరు సగంలో ఆపేసిన గోడ అది. మోకాలిదాకా కూడా రాదు. ఆమెను చూడగానే టేపు జేబులో పెట్టేశాడు.

ఎత్తు కొలవడం దేనికి? ఆ ఆలోచనను ఆమె చివరిదాకా పోనివ్వలేదు.

ఆఫీసులో చిక్కు ఉందని తెలుసు. ఆసుపత్రుల్లో రోగి ఒంట్లోకి మందు చుక్కచుక్కగా పంపే పంపులు తయారుచేస్తారు వాళ్ళు. దాని లోపలి చిన్న చిప్‌కి ప్రోగ్రాం రాసేది వీడే. ఆ పంపు పరీక్షల్లో ఉన్నట్టుండి తిక్కతిక్కగా నడుస్తోంది. ఎందుకో దొరకడం లేదు.

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ అడిగింది. "అసలు దానికేం వచ్చిందిరా? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"నీ చేతులు చూడు. ఉన్నవి రెండే," అన్నాడు. "చిప్‌కీ చేతుల్లాంటివి కొన్నే ఉంటాయి. రిజిస్టర్లంటాం. నీ చేతిలో చొక్కా ఉండగా ఫోను మోగిందనుకో, ఏం చేస్తావు?"

"ఎవరికేమైందో అని హడలిపోతాను."

వాడు చాన్నాళ్ళకి నవ్వాడు. "హడలిపోయాక?"

"చొక్కా ఈ దొంతి మీద పడేసి వెళ్తాను."

"అదే స్టాక్. చేతిలో పని దొంతి మీద పెట్టి వెళ్ళడం, తిరిగొచ్చి పైనుంచి తీసుకోవడం. ఏది చేతిలో ఉంచాలో, ఏది దొంతిలో పెట్టాలో కంపైలర్ చూసుకుంటుంది. మేం రాసింది చిప్ భాషలోకి మార్చేది అదే. తిరిగి ఎక్కడికి రావాలో, ఆ చిరునామా కూడా దొంతిలోనే ఉంటుంది. చిన్న చిప్ కదా, జాగా ఇరుకు. దొంతి హద్దు దాటిందా, అదీ పక్క సామానూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఒక్కోసారి ఆ చిరునామాయే చెరిగిపోతుంది."

"అప్పుడు ఆగిపోతుందా?"

"ఆగితే నయమే. నడుస్తూనే ఉంటుందమ్మా. ఎక్కడికి పోతోందో దానికే తెలీదు."

ఆ మాట అని ఆమె ముఖంలోకి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. వాడు తన గురించే చెప్పుకుంటున్నాడనిపించింది ఆమెకు.

"ఆ దొంతి ఎందాకా వస్తోందో నువ్వు కాపలా కాయాలా? అందుకేనా నీకీ జాగారం?"

"దానికి కాపలా అక్కర్లేదు. ఖాళీ జాగా అంతా ముందే ఒకే గుర్తుతో నింపేస్తాం. నడిచాక వెళ్ళి చూస్తాం. గుర్తు ఎక్కడిదాకా చెరిగితే, అక్కడిదాకా వచ్చి వెళ్ళినట్టు."

"మరి ఇంకేదో దాస్తున్నావు నా దగ్గర."

"చెబితే నువ్వు నిద్రపోవు," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె మడమ చురుక్కుమంది. ఏదో గీసుకుని రక్తం గడ్డకట్టి ఉంది. పిక్కలు కూడా లాగుతున్నాయి. వయసు మరి. వాడు ఎప్పుడు చూశాడో, ప్లాస్టరు తెచ్చి కుడి మడమకి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించాడు. ఎక్కడ తగిలిందని మాటవరసకైనా అడగలేదు. ఆమె తుమ్మితే వంద ప్రశ్నలు వేసే పిల్లాడు. మనసు మనసులో లేదు వీడికి, అని బెంగ పెట్టుకుంది.

ఆ సాయంత్రం పౌడరు డబ్బా కొంగుచాటున పెట్టుకుని డాబా ఎక్కింది. మెట్ల మీద చల్లితే వాడి కంట పడుతుంది. గాలి తగలకుండా పిట్టగోడ వారన, పొడుగునా పలచగా చల్లింది. గాలి కోసం పైకొస్తే రానీ. ఈ పౌడరుదాకా రాకపోతే చాలు.

కిందికొచ్చాక చాప దగ్గర ఆగింది. "గదిలో పడుకోరా. నడుం పట్టేస్తుంది."

"నువ్వు పడుకోమ్మా. నేనిక్కడే ఉంటాను."

తెల్లారుతూనే చెప్పులేసుకుని గదిలోంచి వచ్చింది. వాడు గోడకి ఆనుకుని కూచునే కునుకు తీస్తున్నాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని వంగి చూసి మరీ, వాణ్ణి దాటుకుని మెట్లెక్కింది.

పౌడరు చెరిగింది.

పెద్ద పాదాలు. వాడివే. గోడకి ఆనుకునేంత దగ్గరగా ఉన్నాయి. ఆమె వంగి ఒక్కో అచ్చూ చూసింది.

కాసేపటికి గానీ తేడా కనిపించలేదు. వేళ్ళు వీధి వైపు లేవు. మడమలు గోడ వైపు, వేళ్ళు డాబా వైపు. అంటే గోడకి వీపు పెట్టి నిలబడ్డాడన్నమాట.

ఆ పాదాలకి ఎదురుగా, జానెడు దూరంలో, వీధి వైపే తిరిగి, కుడి మడమలో అడ్డంగా నిలువుగా ప్లాస్టరు గుర్తుతో, చిన్న పాదాలు ఆగి ఉన్నాయి.