బసవన్న ఎనుము

"ఎనుమును తోలుకోని రాకుండా ఒట్టి చేతులతో వస్తే నేనేం చూసేది పెద్దాయనా?" అంది డాక్టర్ జెస్సీ.

బసవన్న తల వంచుకున్నాడు. పశువుల ఆస్పత్రి వరండాలో మేకల్నీ దూడల్నీ పట్టుకుని నిలబడ్డవాళ్లంతా అతని వైపే చూస్తున్నారు. అందరూ వెళ్లిపోయాక మాట్లాడదామని అతను పొద్దున్నుంచీ వెనక్కి జరుగుతూనే ఉన్నాడు. జనం మాత్రం తగ్గలేదు. చివరికి కాంపౌండర్ దావీదురాజే రెక్క పట్టుకుని ముందుకు తెచ్చాడు.

"అది రాలేదమ్మా. శానా నొప్పితో ఉండాది. పాలు నిలిచి గట్టిపడింది. జొరం గూడా వచ్చింది. పక్కింట్లో దూడ అరిస్తే సాలు, కారిపోతాండాయి. ఇంకిపోయే మందేదన్నా ఇస్తే..."

"దాని దూడ తాగడం లేదా?"

"దూడ లేదు."

"చచ్చిపోయిందా?"

బసవన్న తల అడ్డంగా ఊపాడు. "ఇచ్చేసినాం," అన్నాడు.

జెస్సీకి ఒళ్లు మండింది. ఈనీ ఈనగానే దూడను ఇచ్చేసేవాడు రైతా, కసాయివాడా? ఆ మాట పైకే అనేసింది. వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. బసవన్న ముఖం మాడిపోయింది.

అతని ఊళ్లోనూ పశువుల డాక్టరు ఉన్నాడు. ఆయన్ని వదిలి బస్సెక్కి ఇక్కడికెందుకొచ్చావని అడిగింది. ఈడైతే మీరుండారని, అని గొణిగాడు. మంచిపేరు అంత దూరం పాకిందా అని జెస్సీ లోపల్లోపల కాస్త పొంగింది కూడా.

మనిషి మీద కోపం నోరులేని జీవం మీద చూపకూడదు కదా. గొంతు తగ్గించి వివరంగా చెప్పింది. పిండడం ఆపేస్తే పొదుగులో పాలు నిలుస్తాయి. నిలిస్తే అక్కడి కణాలు కొన్ని ప్రొటీన్లు వదులుతాయి. పెరుగుదల ప్రొటీన్లనే అంటారు వాటిని. ఒంట్లో మరోచోట గాయం మాన్పేవీ, కండ పెంచేవీ అవే. ఇక్కడ మాత్రం, తాగే నోరు లేదు, ఇక మీ పని అయిపోయిందని పాలిచ్చే కణాలకు కబురు పెడతాయి. ఆ కణాలు ఎవరూ చంపకుండానే వాటంతటవే చచ్చిపోతాయి. పాలు ఇంకిపోతాయి. జెస్సీ పెద్ద చదువులో పరిశోధన చేసింది దీనిమీదే. అందుకని అవసరానికి మించే చెప్పింది. వింటున్నవాళ్లు ఆవులించారు.

బసవన్న ఒక్క మాట వదలకుండా విన్నాడు.

"పెంచాల్సిందే సావమని చెప్తాదా తల్లీ?"

"అవసరం తీరిపోతే అంతే."

అతను కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అయితే జ్వరం ఉందంటే పాలు ఇంకేదాకా కాచుకుని కూర్చోకూడదు, చీము పడితే ప్రాణం మీదికొస్తుంది అని హెచ్చరించింది జెస్సీ. మందు మాత్రం చూడందే ఇవ్వనంది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం కాదు ఆమె.

బసవన్న కదల్లేదు. మళ్లీ ఈనినప్పుడు పాలొస్తాయా అని అడిగాడు. ఎందుకు రావు, కొత్త కణాలు పుడతాయంది. అతని ముఖం కొంచెం తేటపడింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"ఇదివరకే ఒకసారి ఈనిందని చూసినోళ్లకు తెలుస్తాదా?" అన్నాడు, వినపడీ పడనట్టు.

అప్పటికి జెస్సీకి సంగతంతా అర్థమైపోయింది.

"ఇంకా ఈనని పడ్డ అని చెప్పి ఎవరికో అంటగట్టాలని చూస్తాండావు. సిగ్గు లేదా పెద్దాయనా?"

ఈసారి వరండా అంతా నవ్వింది.

"ఉండాది తల్లీ," అన్నాడు బసవన్న. "సిగ్గుతోనే సస్తాండా."

చేతులు జోడించి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"మంచోడే మేడమ్," అన్నాడు దావీదురాజు తర్వాత. ఆ ఊళ్లో అతనికి చుట్టాలున్నారు. బసవన్న పెళ్లాం పోయినా మళ్లీ పెళ్లి చేసుకోలేదట. కూలి చేసి కూతుర్ని కర్నూలు హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివిస్తున్నాడట. అబద్ధం చెప్పి అమ్ముకునే మనిషి కాదట.

మధ్యాహ్నం జెస్సీకి అన్నం సహించలేదు. తండ్రి వయసు మనిషిని నలుగురిలో నిలబెట్టి సిగ్గులేదా అంది. తలుచుకుంటే తనకే సిగ్గేసింది. పైగా ఆ జ్వరం ఒకటి. తన పంతానికి ఒక ప్రాణం పోతే?

సాయంత్రం మందుల పెట్టె స్కూటీకి కట్టుకుని బయల్దేరింది. ఊళ్లో అడిగితే బసవన్న ఇల్లు చూపించారు. ఆమెను చూసి అతను అరుగు మీదే బిగుసుకుపోయాడు. ముందు వీధికి అటూ ఇటూ చూశాడు.

"పొద్దున అట్లా అనకూడదు. నాదే తప్పు," అంది జెస్సీ. "నా మీద కోపం దాని మీద పెట్టుకోవద్దు. యాడుంది?"

బసవన్న కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్లు నిండాయి. ఇక అతన్ని అడిగి లాభం లేదని ఆమే ఇంటి పక్కనున్న కొట్టంలోకి వెళ్లింది.

లోపల వంటచెరకు, విరిగిన దుక్కి మడక ఉన్నాయి. గడ్డిపరక లేదు. కట్టుగుంజ లేదు. పేడ వాసన కూడా లేదు.

వెనక్కి తిరిగి చూస్తే, బసవన్న ఇంటి తలుపు తెరిచి పట్టుకుని నేల చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆడదిక్కు లేదనుకున్న ఆ ఇంట్లోంచి మల్లెపూల వాసన వస్తోంది. జెస్సీ గడప దాటింది.

పక్కింట్లో చంటిబిడ్డ ఏడ్చింది, ఆ ఏడుపు వినగానే గోడకు ముఖం పెట్టి పడుకున్న బసవన్న కూతురు, పాలతో తడిసిపోతున్న ఓణీని రెండు చేతులతో గుండెలకు అదుముకుంది.