అరచేతి పరీక్ష

"ఇంకా వణుకుతోందమ్మా," అన్నాడు తండ్రి, మోటారు మీద నుంచి చెయ్యి తీయకుండానే.

కూతురు ల్యాప్‌టాప్ మీద రెండు మీటలు నొక్కింది. "ఇప్పుడు?"

"ఉంది."

మోటార్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ అరచేతి మేస్త్రి అంటారు. మీటర్లు ఏం చెప్పినా సరే, ఆయన కుడి అరచెయ్యి ఒప్పుకుంటే గానీ ముప్పై ఏళ్లుగా ఏ మోటారూ గేటు దాటలేదు. తిరిగే ఇరుసు రేకు మూత కింద కనబడదు, గోడకవతల కంప్రెసర్ల రొదలో చప్పుడు వినబడదు, ఇక మిగిలింది చెయ్యే కదా అంటాడు. కళ్లు మూసుకుని మరీ చూస్తాడు. చాదస్తమే. కానీ ఆ చెయ్యి ఒక్కసారీ తప్పలేదు.

ఈసారివి ఆసుపత్రి లిఫ్టుల మోటార్లు, నలభై. వేగాన్ని పెంచి తగ్గించే ఇన్వర్టర్ మీద నడుస్తాయి. ఇన్వర్టర్ కరెంటును ముక్కలుగా కోసి ఇస్తుంది కాబట్టి, నెమ్మదిగా తిరిగేటప్పుడు మోటారు బలం ఒక్క తీరుగా ఉండదు. సన్నని కుదుపు పుడుతుంది. స్ట్రెచర్ మీదున్న మనిషికి ఆ కాస్త కుదుపే నరకం. దాన్ని అణిచే ప్రోగ్రాం రాసింది కూతురే. మీటరులో గీత నున్నగా వచ్చింది. తండ్రి చెయ్యి మాత్రం మూడు వారాలుగా ససేమిరా అంటోంది.

నిన్న ఓనరు ఆమెను పిలిచాడు. "మీ నాన్నంటే నాకూ గౌరవమేనమ్మా. కానీ సరుకంతా ఇక్కడే పడి ఉంది. తప్పెక్కడుందో రేపటికల్లా తేల్చు. లేదంటే నీ ప్రోగ్రాం తీసేసి బయటివాళ్లది పెట్టిస్తాను."

అందుకే పొద్దున్నుంచి ఈ పరీక్ష.

"నేను రాసిందని జాలిపడకు నాన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"కన్నకూతురివైతే మాత్రం, చేతికి అబద్ధం నేర్పగలనా?"

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఒక్కసారి ఎడమ చెయ్యి పెట్టి చూడు."

"దానికేం తెలుసే?" విసుక్కుంటూనే పెట్టాడు. కాసేపు చూసి పెదవి విరిచాడు. "మొద్దు చెయ్యి. దీనికేమీ అందడం లేదు."

మళ్లీ కుడి చెయ్యి ఆనించాడు. "ఇదిగో, ఉంది. నిన్నటికన్నా ఎక్కువే ఉంది."

ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ల్యాప్‌టాప్ మూసేసి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చిన్నప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది.

తండ్రి కళ్లు తెరిచి కంగారుపడ్డాడు. "పిచ్చితల్లీ, ఈ మాత్రానికే ఏడుస్తారా? మోటారే కదా, మొండికేసింది. ఓనరుతో నేను మాట్లాడతాలే. ఇంకో రెండు రోజులు కూర్చుంటే అదే దారికొస్తుంది."

ఆ మోటారుకు ఆమె పొద్దున్నుంచి అసలు కరెంటే ఇవ్వలేదు.