నరసరాజు గారి జోడీ

"నీ పేరా? క్విజ్‌లోనా?" అంటూ నరసరాజు గారు నవ్వు ఆపుకోలేకపోయారు.

"అందులో అంత నవ్వేముందండీ? ఈసారి జోడీగా ఇంట్లోవాళ్లయినా కూర్చోవచ్చని క్లబ్బు నోటీసులోనే వేశారుగా," అంది ఆయన భార్య కమలాకుమారి, మెంతికూర ఒలుస్తూ.

టీపాయి మీద పేర్ల కాగితం ఉంది. నరసరాజు గారు తన పేరును గుండ్రటి అక్షరాలతో ఎప్పుడో రాసేసుకున్నారు. దాని కింద జోడీ పేరు రాయాల్సిన గీత మాత్రం ఖాళీగా ఉంది. సాయంత్రం ఐదింటికల్లా ఆ కాగితం క్లబ్బు డబ్బాలో పడాలి. ఇప్పటికే నాలుగుంపావు అయింది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీ క్వార్టర్సు క్లబ్బు క్విజ్‌లో వరసగా రెండేళ్లు ఫైనల్లో ఓడిపోయిన ఘనత ఆయనది. రెండుసార్లూ గెలిచింది పక్క బ్లాకు రాజారావు. గెలిచినవాడు ఊరుకోకుండా ఆ వెండి కప్పు తీసుకెళ్లి వీధిలోకి కనబడేలా కిటికీలో పెట్టాడు. స్కూటరు మీద డ్యూటీకి వెళ్తూ దాన్ని చూసిన ప్రతిసారీ నరసరాజు గారికి ఒళ్లు మండిపోయేది. ఈసారి కూడా ఓడితే మళ్లీ క్లబ్బు మెట్లెక్కనని శపథం చేశారు.

"చూడు కమలా, రాజారావుని కొట్టాలంటే విషయం ఉన్న మనిషి కావాలి. నువ్వు చేసేదేముంది, ప్రశ్న చదవడం, నేను చెప్పింది తప్పో ఒప్పో చెప్పడం. పుస్తకం చేతిలో ఉంటే ఆ పని ఎవరైనా చేస్తారు."

"చదివీ చదివీ నాకూ కొన్ని వచ్చాయండీ."

"చదవడం వేరు, బుర్రలో ఉండటం వేరు."

ఆవిడ మొహం చిన్నబోయింది. ఒక్కసారైనా ఆ స్టేజీ మీద కూర్చోవాలని ఆవిడకెంత ఆశో నరసరాజు గారికి తెలియక కాదు. కానీ కప్పు సంగతి వచ్చేసరికి ఆయనకు ఇంకేమీ కనపడదు.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గీచి గీచి బేరమాడి కొన్న రెండు భాగాల క్విజ్ పుస్తకమంటే ఆయనకు ప్రాణం. అయినా దాన్ని చేత్తో ముట్టుకోరు. జవాబు కంటబడితే సాధన చెడిపోతుందని ఆయన నమ్మకం. ఆయన పడక్కుర్చీలో కళ్లు మూసుకుని వాలితే ఆవిడ అడగాలి. ఏడాదిగా ఇదే వరస.

"యాదగిరిని రమ్మని కబురు పెట్టాను. వాడినే జోడీగా వేసుకుంటాను. వాడొచ్చేలోగా నాలుగు అడుగు," అని కళ్లు మూసుకున్నారు. యాదగిరి ఆయన సెక్షన్లోనే లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఊరు కొండాపూర్. పేపరు చేతికందితే టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదివే రకం.

కమలాకుమారి ఒళ్లో పుస్తకం తెరుచుకుంది.

"ఓరుగల్లుకు ముందు కాకతీయుల రాజధాని?"

"హనుమకొండ."

"ఒప్పు. మంజీరా నది ఎక్కడ పుట్టింది?"

"కర్ణాటకలో."

"కాదండీ, మహారాష్ట్రలో. బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన కుళాయిలోకి వస్తోంది. సరే, సంగీతం. సరళీ స్వరాలు ఏ రాగంలో మొదలుపెడతారు?"

"శంకరాభరణం. ఇది గ్యారంటీ."

"మాయామాళవగౌళ. ఉత్పలమాలకి యతి ఎన్నో అక్షరం?"

"పదకొండు."

"పది. పదకొండు చంపకమాలకి. పోనీ, కుధరం అంటే?"

నరసరాజు గారు కాసేపు కణతలు నొక్కుకున్నారు. మెంతి కాడలు పుటుక్కు పుటుక్కుమంటున్న చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

"గుర్రాల్లో ఏదో జాతి అయ్యుంటుంది."

"కొండండీ."

ఆయన కళ్లు తెరిచారు. ఐదు ప్రశ్నల్లో ఒక్కటే ఒప్పు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పుస్తకం మీద చూపించారు. "దిక్కుమాలిన ప్రశ్నలు. పుస్తకం ముందు పెట్టుకోకుండా ఇవన్నీ ఏ మనిషికి గుర్తుంటాయి?"

కమలాకుమారి ఇంకో మెంతి కాడ తుంచింది. కొంచెం నవ్వినట్టు అనిపించింది కానీ, తల వంచుకుని ఉండటంతో ఆయనకు సరిగా కనపడలేదు.

బయట సైకిలు ఆగింది. యాదగిరి చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"పిలిచిన్రంట, సార్."

"రా, కూర్చో. ఈసారి క్విజ్‌కి నువ్వే నా జోడీ."

"నేనా సార్? స్టేజీ ఎక్కాల్నంటె నాకు కాళ్లు వణుకుతయ్. అమ్మగారిని వేస్కోరాదుండ్రి."

"అక్కడ పుస్తకం చూసి చెప్పనివ్వరయ్యా," అంటూ నరసరాజు గారు పెన్ను మూత తీసి ఖాళీ గీత మీద పెట్టారు. "నీ పూర్తి పేరు చెప్పు."

"చెప్త గాని, జెర ముందుగాల్ల గిది తీస్కోండ్రి సార్. మల్ల మర్చిపోత." యాదగిరి చేతిసంచిలోంచి పాత పేపరులో చుట్టిన పొట్లం తీసి టీపాయి మీద పెట్టాడు.

మెంతి కాడల చప్పుడు ఆగిపోయింది.

"ఏంటిది?"

"మీ క్విజ్ పుస్తకం రెండో భాగం సార్. మా బిడ్డ పరీక్షకు సదువుకుంటదంటె పోయిన బతుకమ్మ పండుగప్పుడు అమ్మగారిని అడిగి తీస్కపోయిన, వాపస్ ఇచ్చుడే మర్చిన," అని యాదగిరి తప్పు చేసినవాడిలా తల గోక్కున్నాడు. "మొదటి భాగంల అన్నీ ప్రశ్నలేనాయె, జవాబులన్నీ ఇందులనే ఉన్నయ్. ఇది లేకుండ ఇన్ని దినాలు మీరెట్ల నడిపిచ్చిన్రు సార్?"