సాయంత్రం తప్పని ఫోను

"గాలయ్యన్నా, జర లచ్చయ్య పెద్దయ్యకు ఫోనియ్యవా?"

"రోజూ గిదే లొల్లి మేడం! నా గిరాకిని ఎవడు చూడాలె? ఆగు, ఈడనే ఉన్నడు."

రోజారమణి తల పట్టుకుంది. కల్తీ కల్లు మానిపించే వార్డు నుంచి ఇంటికి పోయినవాళ్లకు ఫోన్ చేసి ధైర్యం చెప్పడం దవాఖానలో ఆమె పని. అందరిలోనూ ఈ మక్తల్ వైపు ముసలాయనే ఆమె ప్రాణం తోడేస్తున్నాడు. లచ్చయ్యకు సొంత ఫోన్ లేదు. సాయంత్రం పూట తప్పకుండా దొరికే నంబరు చెప్పమంటే గాలయ్యది రాయించాడు. అప్పటి నుంచి ఫోనూ తప్పలేదు, తాగుడూ తప్పలేదు.

"పెద్దయ్యా, ఇయ్యాల?"

"అబద్ధమెందుకు బిడ్డా. ఒక్క సీసా."

"మళ్లనా! పొద్దంత మంచిగనే ఉంటవ్ గద?"

"చేనుకాడ దాని సోయే ఉండది. మాపటికే పానం గుంజుతది."

"ఇంకోసారి ఫిట్సొస్తే బతకవని డాక్టర్ చెప్పలే?"

"చెప్పిండు."

మర్నాడు లచ్చయ్య ఫోన్‌కు రాలేదు. ఆ తర్వాతి రోజు దొరకగానే రోజారమణి విరుచుకుపడింది.

"నిన్న యాడ సచ్చినవ్? నాకు అన్నం మెతుకు దిగలే!"

"ఇంటికాడ పండుకున్న బిడ్డా. చుక్క ముట్టలే."

"ఫోన్ కాడ లేనోని మాట నేనెట్ల నమ్మాలె? ఇంకొక్కసారి తప్పినవంటే మళ్ల వార్డుల పండవెడత!"

"వద్దు బిడ్డా, వానొచ్చినా వస్త."

"రేపటి సంది రెండుసార్లు చేస్త. మొదటిది మాట్లాడినంక రెండోది వచ్చేదాంక ఆడనే కూసో. కదిలినవో, చూడు!"

లచ్చయ్య "అయ్యో" అన్నాడు గానీ కాదనలేదు.

వారం తిరిగేసరికి అతని మాట ముద్దముద్దగా వస్తోంది. మాట మధ్యలో ఫోను కిందపడ్డ చప్పుడు వినిపిస్తోంది. రోజారమణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నేనింకేం జెయ్యాలె పెద్దయ్యా? నీకు బతకాలని లేదా?"

"ఉన్నది బిడ్డా. గందుకే అడుగుత. నువ్వు ఫోన్ జేసుడు బంద్ వెట్టు, నేను మానుకుంట."

"ఇదెక్కడి మాట! గాలయ్య ఏమన్న అన్నడా?"

"ఆయనేమంటడు, మంచోడే."

"మరేంది నీ బాధ?"

లచ్చయ్య గొంతు తగ్గించాడు.

"గాలయ్యది కల్లు దుకాణం బిడ్డా."