ముట్టని పెట్టె

ఇంకాస్త దగ్గరికి జరగండి. ఇది అరిచి చెప్పే మాట కాదు. వింటూ వింటూ కోపం వస్తే మాత్రం ఆపుకోకండి.

హుసేనమ్మ పొద్దున్నే ఓ గదిలో బోర్డు ముందు నిలబడింది. తుంగభద్ర ఒడ్డున వాళ్ల ఊరి గుడి పక్కన కొత్తగా కట్టిన గది అది. గది మధ్యలో అద్దాల బీరువా. బీరువాలో తోలు పెట్టె. మూత నిండా తామరపూలు, పక్కల హంసల జంటలు, చుట్టూ వెంట్రుకంత సన్నని కుట్టు.

ఆమెకు చదువు రాదు. కోడలు ఉమాదేవి చదివి వినిపించింది.

"విజయనగర రాజుల నాటి తోలు పెట్టె. వయసు ఐదువందల ఏళ్లు. చేసినవారు: పేరు తెలియని పనివాళ్లు. అంతే రాసినారత్తా."

"పేరు తెలీదా?" హుసేనమ్మ ముఖం కందగడ్డయింది. "ఎవరినడిగినారంట?"

కోపం రాదా మరి! వాళ్లది తోలు పని చేసే ఇల్లు. ఆ పెట్టె వాళ్ల చేతుల్లో పుట్టింది, మొన్నమొన్నటిదాకా వాళ్ల చేతుల్లోనే ఉంది. ఏటా జాతరకు అమ్మవారి నగలు అందులోనే ఏటికి పోయి రావాలి. కానీ తోలు మైల కదా, పెట్టె గుడి గడప దాటకూడదు. ఏడాదంతా హుసేనమ్మ ఇంట్లో దూలానికి వేలాడేది. జాతరనాడు ఆమె మొగుడు తిరుపాల్ తెచ్చి మూత తెరిచి పట్టుకుంటే, పూజారి నగల మూటను పైనుంచి జారవిడిచేవాడు. ఏటి దగ్గర మూట కొస పట్టి పైకి లాక్కునేవాడు. పెట్టెకు ఆయన గోరు కూడా తగలదు. తాతల నాటి పద్ధతి. తిరుపాల్ పోయాక ఆరేళ్లు హుసేనమ్మే నెత్తిన మోసింది.

పోయిన నెల గది తయారైంది. గుడివాళ్లు పెట్టె ఇమ్మన్నారు. ఆరోజు కూడా ఎవరూ పట్టుకోలేదు. ఆమె చేతనే బీరువాలో పెట్టించి, తాళం మాత్రం వాళ్లు వేసుకున్నారు.

పూజారి మధుసూదనాచారి లోపలికి వచ్చాడు. వెంట ఆదోని నుంచి పిలిపించిన చరిత్ర మాస్టారు శ్రీనివాసులు. బోర్డు మీది మాటలు ఈ మాస్టారు చెప్పినవే.

"ఏం సామీ," అంది హుసేనమ్మ, "ఇన్నేండ్లు మైల అంటిరి. అద్దం బిగిస్తే పొయ్యిందా?"

"అదిప్పుడు తోలు కాదు హుసేనమ్మా, చరిత్ర," నవ్వాడు ఆచారి.

"అట్లయితే ఆ సరిత్రలో మా పేరేది? చేసినోని పేరు ఆ బోర్డు మీద రాయించు. నాకు దుడ్లొద్దు, శాలువా వద్దు. పేరు సాలు."

మాస్టారు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. "ఈ కుట్టు చూడండి స్వామీ! ఇట్లాంటి పనివాడు ఇప్పుడు పుట్టడు. ఆ కాలం చేతులే వేరు."

"ఇప్పుడోళ్ల చేతులకేమొచ్చింది సార్?" అంది హుసేనమ్మ కటువుగా.

"ఎమ్మిగనూరు సంతలో చెప్పులు కొంటే నెలకే తెగుతాయి కదమ్మా. అదీ ఇప్పుడోళ్ల పని!"

"బీరువా తెరిసి, సేతిలోకి తీసుకుని సూడు. అప్పుడు మాట్లాడు."

"తప్పు తప్పు. పాత వస్తువును ముట్టకూడదు."

"నువ్వు గూడా ముట్టవా?" హుసేనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "బలే ఉంది. ఆయప్ప మైలని ముట్టడు, నువ్వు మర్యాదని ముట్టవు. ముట్టకుండానే ఇద్దరికీ అన్నీ తెలుస్తాయి!"

మాస్టారికి రోషం వచ్చింది. జేబులోంచి పెన్ను తీశాడు. "సరే, రాయిస్తాను. చేసినవాడి పేరు చెప్పు. నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పు మరి."

దర్శనానికి వచ్చినవాళ్లు నలుగురు గది గుమ్మంలో మూగారు. హుసేనమ్మ నోరు తెరిచింది. పేరు నాలుక చివరికి వచ్చింది. ఉమాదేవి చేతిని ఎముక నొప్పి పుట్టేలా పట్టుకుని, నోరు మూసేసుకుంది.

"చూసినారా? రోషముంది, పేరు లేదు," అన్నాడు ఆచారి. గుమ్మంలో వాళ్లు పకపకా నవ్వారు. మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

హుసేనమ్మ వాళ్లను తోసుకుంటూ బయటికి వచ్చింది. ఎండలో దబదబా నడుస్తోంటే ఉమాదేవి వెనక పరుగెత్తింది.

"ఏందత్తా, అంత కొట్లాడి తీరా అడిగితే గమ్మునుంటివే? ఏదో ఒక పేరు సెప్పింటే రాసిందురు గదా!"

"ఏదో ఒక పేరు ఏంటికి సెప్తానే?" హుసేనమ్మ ఆగింది. కళ్లలో నిప్పులూ నీళ్లూ. "ఉన్న పేరు సెప్తే ఆ మనిషిని దొంగోన్ని జేస్తారు. అసలుది యాడ అమ్ముకున్నాడో అంటారు. మట్టిలో కలిసినోన్ని అంత మాటంటే నేను పడను."

ఆమె ఆనాడూ చెప్పలేదు, ఇక చెప్పదు కూడా. మీరైనా మరవకుండా నలుగురి చెవినా వేయండి: ఐదువందల ఏళ్ల పెట్టె రెండువేల తొమ్మిది వరదలో ఇంటి గోడతో పాటే తుంగభద్రలో కలిసిపోయింది, ఆ బీరువాలో ఉన్నది ఆ చలికాలమంతా తలుపేసుకుని హుసేనమ్మ మొగుడు తిరుపాల్ కుట్టిన పెట్టె.