బొమ్మలతో నేర్చిన చదువు

అప్పటికి పరాయి దేశాల్లోని మన ఎంబసీల్లో, పనికని తీసుకెళ్లి అమ్మేసిన ఆడవాళ్లను గుర్తుపట్టే శిక్షణంతా మరబొమ్మలతోనే. అమ్ముడుపోయిన ఆడవాళ్లలా అవి ఏడుస్తాయి, అడగగానే అన్నీ చెప్పేస్తాయి. వాటి దగ్గర నూటికి నూరు తెచ్చుకున్న అధికారి నిఖిలేష్, ఆ ఉదయం పాస్‌పోర్టు పనికి కౌంటర్‌కు వచ్చిన పనిమనిషి రెడ్డెమ్మను, వెంట వచ్చిన యజమాని ఎదుటే అడిగాడు.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

అతను ఫైలు మూయబోయాడు. ఒకప్పుడు తానూ అలాగే అమ్ముడుపోయి బయటపడి, ఇప్పుడు ఆ ఎంబసీలోనే పనిచేస్తున్న మస్తానమ్మ ఆ ఫైలు లాక్కుంది.

"కొన్నోడు పక్కన కూసోనుంటే యా ఆడది నోరు తెరుస్తాది సారూ?"

యజమానిని బయటికి పంపి తలుపేసింది. రెడ్డెమ్మ పక్కన కూర్చుంది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా పాపా?"

రెడ్డెమ్మ మూసిన తలుపు వైపు ఓసారి చూసింది. తర్వాత చేతుల మీది వాతలు చూపించింది.

"నన్ను మళ్లా ఆడికి పంపొద్దక్కా."

మస్తానమ్మ నిఖిలేష్ వైపు తిరిగింది.

"ఇంతకుముందు ఇట్లా ఎన్ని ఫైళ్లు మూసినావు సారూ?"